‘పేషెంట్ తాలూకు’ మనిషికీ ఒక పేరుంది

ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారమండీ.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో మీరు అర్జీలు తీసుకుంటారు. ఇదీ అలా వచ్చి మీ చేతికివ్వాల్సిన అర్జీయే. కానీ నేను రాలేను. విజయవాడ సింగ్‌నగర్ నుంచి బయల్దేరి, అక్కడ వరసలో కూర్చుని, మాట్లాడి, మళ్లీ ఇల్లు చేరేసరికి ఎంత లేదన్నా నాలుగు గంటలవుతుంది. మంచాన ఉన్న మా అత్తయ్యను రెండు గంటలకు మించి ఒకే పక్కన పడుకోబెట్టకూడదు. మధ్యలో ఆవిడను ఇంకో పక్కకు తిప్పడానికి ఇంట్లో వేరే మనిషి లేరు. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ పనికి వెళ్తారు, ఒక పూట మానేస్తే ఆ పూట కూలి పోతుంది. పిల్లలిద్దరూ చదువుల కోసం హాస్టళ్లలో ఉన్నారు. అందుకే నలుగురూ చదివేలా మీకు ఈ లేఖ రాస్తున్నాను. నాలాగే సోమవారం గడప దాటలేనివాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ల మాట కూడా ఇందులో ఉంది.

అత్తయ్యకు 2021లో మొదటిసారి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. 2023లో రెండోసారి వచ్చాక మాట పోయింది, మింగడం కూడా పోయింది. అప్పటి నుంచి ముక్కు పైపుతోనే ఆహారం. ఇప్పుడు ఆవిడ వయసు 74. నేను ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు టీచరుగా చేశాను. ఆవిడకు మొదటిసారి అలా అయినప్పుడు ముందు ఒక నెల సెలవు అడిగాను. తర్వాత ఇంకో నెల అడిగాను. మూడో నెల నేనే ఫోన్ చేసి ఇక రానని చెప్పాను.

ఆ పదకొండేళ్లూ నా పిల్లల్ని పెంచింది ఈవిడే. పొద్దున్నే క్యారియర్లు కట్టడం, స్కూలు ఆటో ఎక్కించడం, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చోవడం, అన్నీ ఆవిడే. నా జీతంతోనే పిల్లల ఫీజులు కట్టుకున్నాం. ఆవిడ లేకపోతే నాకు ఆ జీతమే లేదు. అప్పుడు ఆవిడ చేసిన పని ఎవరి లెక్కలోనూ లేదు. ఇప్పుడు నేను చేస్తున్నదీ లేదు.

ఆసుపత్రిలో మాలాంటివాళ్లను ఏమని పిలుస్తారో మీకు తెలిసే ఉంటుంది. వార్డు తలుపు దగ్గర నిలబడి “పేషెంట్ తాలూకు ఎవరమ్మా?” అని కేకేస్తారు. మందుల చీటీ ఇవ్వాలన్నా, సంతకం పెట్టించాలన్నా, బిల్లు కట్టించాలన్నా అదే కేక. రెండోసారి పక్షవాతం వచ్చినప్పుడు ఊళ్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నాం. అన్ని రోజులూ నా పేరు అదే. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో, రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఇంగ్లీషులో ఒక ముక్క రాశారు. ఎలా మార్చాలో మాత్రం ఒక్కరూ చూపించలేదు. మంచంలో కదల్లేని మనిషి ఎంత బరువుంటుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. పడిపోయిన వైపు చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు దెబ్బతింటుందని నాకెవరూ చెప్పలేదు. మూడో వారానికి నడుము కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనపడింది. ఐదో వారానికి అది పుండయింది. మానడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ డ్రెస్సింగ్ చేసేటప్పుడు ఆవిడ నోరు తెరిచి అరవలేక ఎడమ చేత్తో నా కొంగు పట్టుకునేది.

నాకు పని నేర్పింది మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ నర్సమ్మ. ఒక మధ్యాహ్నం వచ్చి గంటసేపు కూర్చుని చూపించింది. ఇప్పటికీ ఆవిడ నేర్పినట్టే చేస్తున్నాను. ముందు మోకాళ్లు మడిచి పెట్టాలి. ఒక చెయ్యి భుజం వెనక, ఇంకో చెయ్యి తుంటి వెనక వేసి, కింద పరిచిన దుప్పటితో సహా నా వైపుకు తిప్పుకోవాలి. తిప్పాక వీపుకు ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మడిచిన తువ్వాలు ఉండాలి. అప్పుడు సెల్ లైటు వేసి తుంటి, మడమలు, చెవుల వెనక చూడాలి. ఎర్రబడిన చోట బొటనవేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ రంగు తిరిగితే ఫర్వాలేదు. నొక్కి వదిలినా ఎరుపు అలాగే ఉందంటే పుండు మొదలైనట్టే. రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు అలారం పెట్టుకుని లేచి చేసేది ఇదే. ఇక జావ పోసేటప్పుడు తల, వీపు కింద దిండ్లు పెట్టి ఆవిడను ఎత్తుగా కూర్చోబెట్టి, సిరంజిని పైకెత్తి పట్టుకుని, దానంతటది దిగేదాకా నిలబడాలి. తొందరపడి నెడితే పొట్టలోది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పోశాక నీళ్లతో పైపు కడగాలి. తర్వాత ఇంకో అరగంట పడుకోబెట్టకూడదు. ఇది రోజుకు ఆరుసార్లు.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఇది నేర్చుకుంటే తప్ప రాని పని. ఇందుకోసం ఒక మనిషిని పెట్టుకుందామని ఏజెన్సీల్లో వాకబు చేస్తే నెలకు 20 వేలకు తక్కువ ఎవరూ చెప్పలేదు, భోజనం కాకుండా. నేను చేస్తే మాత్రం “ఇంట్లోనే ఉంటుంది కదా” అంటారు.

ప్రతి నెలా 1వ తేదీన మా వార్డు సచివాలయం నుంచి వచ్చి పింఛను ఇస్తారు. 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15 వేలు ఇస్తున్నారు. అంతకుముందు 5 వేలు వచ్చేది. ఆ తేడా మా ఇంట్లో ఎంత పెద్దదో మాటల్లో చెప్పలేను. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, నెలనెలా పైపు మార్పించడం అన్నీ దాంట్లోంచే. ఇంటికి తెచ్చి చేతిలో పెడుతున్నందుకు మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను. ఆ రోజు నేను అత్తయ్య ఎడమ చేతి వేళ్లు విడదీసి, తడి తుడిచి, బొటనవేలు మిషన్ మీద పెట్టి పట్టుకుంటాను. ఆ మిషన్‌లో ఆవిడ పేరు వస్తుంది, పింఛను రకం వస్తుంది. వేలు పట్టుకున్న మనిషి వివరం ఎక్కడా రాదు. ఒకసారి ఇంటింటి సర్వేకు వచ్చిన అమ్మాయి నన్ను “మీరేం చేస్తుంటారు మేడమ్?” అని అడిగింది. అత్తయ్యను చూసుకుంటున్నానని చెప్పాను. ఆ అమ్మాయి ఫోన్‌లో పైకీ కిందికీ వెతికి, అలాంటిదేం లేదని చెప్పి ‘గృహిణి’ అని కొట్టింది. ఆమె తప్పేం లేదు. అందులో ఉన్నవాటిలోంచే కదా ఎంచుకోవాలి.

చట్టానికి మాత్రం మేం తెలుసండీ. వికలాంగుల హక్కుల చట్టం 2016 మొదట్లోనే, రెండో సెక్షన్‌లోనే సంరక్షకుడంటే ఎవరో రాసి ఉంది. డబ్బు తీసుకుని గానీ తీసుకోకుండా గానీ వికలాంగులకు సంరక్షణ, సహాయం అందించే ఎవరైనా సంరక్షకులే, తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులతో సహా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కూడా ఇలాగే చెప్పింది. పైన చెప్పిన 2016 చట్టం 24వ సెక్షన్‌లో, ప్రభుత్వాలు తమ స్తోమతను బట్టి పెట్టాల్సిన పథకాల్లో, ఎక్కువ సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం అనే మాట ఉంది. ఇప్పుడిచ్చే 15 వేలలోనే అదీ కలిసి ఉందని ఎవరైనా అనొచ్చు. కలిసి ఉంటే అందులో ఎంత పేషెంటుకో, ఎంత చూసుకునే మనిషికో రాయండి, ఆ మనిషి ఎవరో కూడా రాయండి. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ అనే పథకం ఉంది. మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలు ఇచ్చే పథకం. చిన్న మొత్తమే. కానీ అది చూసుకునే మనిషి కోసమే పెట్టింది. నాకు ఆ 600 కన్నా ఆ విషయమే పెద్దదిగా కనిపిస్తుంది.

పేరు లేకపోతే ఏం పోతుందని అడిగేవాళ్లకు 2024 సెప్టెంబరు 1 గురించి చెప్పాలి.

ఆ ఆదివారం బుడమేరు వాగు పొంగి నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు మేం కింది వాటాలో ఉన్నాం. గడప దాటిన నీళ్లు చూస్తుండగానే మంచం కోడు సగం ముంచేశాయి. ముందు కరెంటు పోయింది, దాంతో ఎయిర్ బెడ్ మోటారు ఆగి పరుపు చప్పబడిపోయింది. మా ఆయన, పై వాటాలో అద్దెకుండే ఇద్దరు కుర్రాళ్లు కలిసి అత్తయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చీరలతో కుర్చీకి కట్టి, మెట్ల మీదుగా పైకి మోశారు. నేను వెనక పైపు ఊడకుండా తల పట్టుకుని నడిచాను. పైన నాలుగు రాత్రులున్నాం. పడవ ఒకటి వచ్చింది గానీ స్ట్రెచర్ లేకుండా ఇలాంటి మనిషిని ఎక్కించడం కష్టమన్నారు, నిజమే, ఎక్కించలేం. డ్రోన్లతో, హెలికాప్టర్లతో వేసిన భోజనం పొట్లాలు ఆవిడకు పనికొచ్చేవి కావు. ఎవరో అందించిన పాల ప్యాకెట్లే ఆవిడకు ఆహారమయ్యాయి. డైపర్లు నీళ్లలో పోయాయి, ఉన్న చీరలు చింపి వాడాను. ఎయిర్ బెడ్ లేదు కాబట్టి రెండు గంటలకు బదులు గంటకోసారి తిప్పాను, చీకట్లో చేత్తో తడిమి చూస్తూ. నాలుగు రాత్రులూ నేను నిద్రపోలేదు. ఎక్కడ పుండు లేస్తుందోనన్న టెన్షన్ ముందు నీళ్ల భయం కూడా తెలియలేదు.

ఆ రోజుల్లో ముఖ్యమంత్రి గారు మీ కలెక్టరేట్‌లోనే మకాం పెట్టి పనులు చూశారు. కింది అంతస్తు ఇళ్లకు ఇచ్చిన 25 వేలు మాకూ అందాయి. నా బాధ డబ్బు గురించి కాదండీ. ఏ వీధిలో, ఏ ఇంట్లో, ఏ అంతస్తులో మంచం దిగలేని మనిషి ఉన్నారు, వాళ్ల దగ్గర ఎవరున్నారు, ఎవరికి ఫోన్ చేయాలి అనే కాగితం ఒకటి పడవ నడిపేవాళ్ల చేతిలో ఉంటే స్ట్రెచరూ వచ్చేది, పాలపొడీ వచ్చేది. ఆ 2016 చట్టమే 8వ సెక్షన్‌లో ఈ మాట చెబుతోంది. జిల్లాలో ఉన్న వికలాంగుల వివరాల రికార్డు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండాలి, ప్రమాదం వస్తే వాళ్లకు తెలియజేసే ఏర్పాటు ఉండాలి. ఆ సంస్థకు అధ్యక్షులు మీరే. అత్తయ్యకు ఫోన్‌లో హెచ్చరిక పంపితే ఆవిడ ఏం చేయగలదు? ఆ హెచ్చరిక రావాల్సింది నాకు. అందుకు నా పేరు, నా నంబరు ఆవిడ పేరు పక్కన ఉండాలి.

మా వీధి చివర ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గారు ఉన్నారు. వాళ్లబ్బాయికి 31 ఏళ్లు, పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని స్థితి. భార్య పోయాక తండ్రీకొడుకులిద్దరే. రెండు రోజులకోసారి సాయంత్రం వరండాలో కొడుకు తలను తన పొట్టకు ఆనించుకుని, వణకకుండా ఒక చేత్తో గడ్డం పట్టుకుని షేవింగ్ చేస్తూ కనిపిస్తారు. ఆయనకు 68. “నేను పోయే ముందు రోజు వీడు పోవాలమ్మా” అని ఒకసారి నాతో అన్నారు. కన్నతండ్రి నోట ఆ మాట రావడానికి ఎంత కుమిలిపోయి ఉంటారో ఆలోచించండి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఇలాంటివాళ్లకు గార్డియన్‌ను నియమించే స్థానిక కమిటీకి కూడా మీరే పెద్ద. గార్డియన్ పత్రం ఉంటుంది, నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది. తర్వాత ఆ అబ్బాయి ఎక్కడ ఉంటాడన్న ప్రశ్నకు మాత్రం మా ఇద్దరికీ జవాబు దొరకలేదు.

నేను పాఠాలు చెప్పిన రోజుల్లో తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వారానికి రెండు రోజులు రాదు. బద్ధకమనుకుని నేనే కోప్పడ్డాను. వాళ్లమ్మకు డయాలసిస్ అని, బస్సులో పట్టుకుని తీసుకెళ్లేది ఆ పిల్లేనని చాలా ఆలస్యంగా తెలిసింది. హాజరు పట్టీలో ఆ రోజులన్నీ గైర్హాజరుగానే ఉన్నాయి. మన జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను పట్టి పీడిస్తోంది. రోగుల గురించి, తాగునీటి గురించి మాట్లాడుతున్నారు, మాట్లాడాలి కూడా. వాళ్ల వెంట వచ్చేవాళ్ల కూలి, వాళ్ల పిల్లల బడి కూడా ఆ మాటల్లోకి రావాలని నా కోరిక.

ఎవరు ఏ పనికి రోజులో ఎంత సమయం పెడుతున్నారో తెలుసుకోవడానికి కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 137 నిమిషాలు, మగవాళ్లు 75 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఇంటి పని అదనం. అది ఆడవాళ్లకు 289 నిమిషాలు, మగవాళ్లకు 88. పసిపిల్లల్ని ఆడించేవాళ్లు, నాలాంటివాళ్లు అందరూ కలిసిన సగటు ఇది. మంచం పక్క మనిషికి రాత్రి కూడా పనే. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం కేసులో. మన జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ గారు అందులో విడిగా కొన్ని పేజీలు రాశారు. అంతకుముందు 2019లో జరిగిన ఇదే సర్వే అంకెల్ని ఎత్తి చూపి, గృహిణి పనికి ఆదాయం లెక్కకట్టడమంటే ఆ శ్రమను గుర్తించడమేనన్నారు. చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ ఇల్లాలు చనిపోయాక కోర్టు లెక్క కట్టగలిగింది. బతికుండగా ఆ లెక్క వేయడానికి ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా.

అత్తమామల్ని చూసుకోవడానికి కూడా ప్రభుత్వాన్ని అడగాలా అని మా బంధువుల్లోనే ఒకాయన అన్నారు. పుణ్యం వస్తుందన్నారు. నేను ఆవిడను ప్రేమతోనే చూసుకుంటున్నాను, రేపు కూడా చూసుకుంటాను. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 ప్రకారం పెద్దల్ని వదిలేసిన పిల్లల మీద ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, నెలకు 10 వేల దాకా ఇప్పించొచ్చు. వదిలేసినవాళ్ల కోసం అంత ఏర్పాటు చేసిన ప్రభుత్వం, వదలకుండా పట్టుకుని కూర్చున్నవాళ్ల వైపు కూడా ఒకసారి చూడాలని అడగడం తప్పంటారా? నాకు రెండేళ్లుగా నడుము నొప్పి. స్కానింగ్‌కు వెళ్లాలంటే అత్తయ్య దగ్గర ఎవరుంటారన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాను. నేను మంచాన పడితే ఆ ఇంట్లో ఇద్దరు పేషెంట్లు అవుతారు.

కాబట్టి అడుగుతున్నాను. ముందుగా, సచివాలయాల దగ్గరున్న ఇంటింటి వివరాల్లో ఒక్క గడి కలపండి: ఈ మనిషిని చూసుకునేది ఎవరు? పేరు, వయసు, ఫోన్ నంబరు. 1వ తేదీన పింఛను ఇవ్వడానికి ఎలాగూ ఇంటికి వస్తారు, అదే రోజు రాసుకోవచ్చు. సోమవారం రాలేని మాలాంటివాళ్ల అర్జీలు కూడా ఆ రోజే తీసుకోవచ్చు. విపత్తు రికార్డు ఆ వివరాల్లోంచే తయారవుతుంది. చదువుకుంటూ అమ్మనో నాన్ననో చూసుకుంటున్న పిల్లలు కూడా అందులోనే బయటపడతారు, స్కూలుకు ఒక మాట చెప్పొచ్చు.

రెండోది, మంచాన పడ్డ మనిషిని ఏ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినా, పంపేముందు ఇంట్లో చూసుకునేవాళ్లకు పక్క తిప్పడం, పైపులో పోయడం, పుండు గుర్తుపట్టడం చేయించి చూపించాలని చెప్పండి. ఒక గంట చాలు. ఆ గంట నాకు దొరికి ఉంటే మా అత్తయ్యకు ఏడు నెలల నరకం తప్పేది. ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో మొదలుపెడితే మిగతావాళ్లు నేర్చుకుంటారు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా అవసరమైంది. వారానికి ఒక్క పూట తెరిపి కావాలి. మెప్మా కింద ఉన్న పట్టణ మహిళల పొదుపు సంఘాల్లో పని కోసం చూస్తున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరికి ఈ పని నేర్పించి, జీతమిచ్చి, వార్డులో మాలాంటి ఒక్కో ఇంటికి వారానికి నాలుగు గంటలు పంపిస్తే వాళ్లకు ఉపాధి, మాకు ఊపిరి. ఆ నాలుగు గంటల్లో నేను డాక్టర్ దగ్గరికి వెళ్తాను, బ్యాంకుకు వెళ్తాను, పిల్లల హాస్టల్‌కు వెళ్లి ఒకసారి మొహం చూపించి వస్తాను. 24వ సెక్షన్ భత్యం మీ చేతిలో లేదని తెలుసు. దాని గురించి ప్రభుత్వానికి సిఫారసు రాయడం మీ చేతిలో ఉంది.

ఇవి సాధ్యమో కాదో చూడటానికి మీరో మీ సిబ్బందో వస్తానంటే ముందుగా కబురు చేయక్కర్లేదు. ఎప్పుడొచ్చినా నేను ఇంట్లోనే ఉంటాను. మధ్యాహ్నం రెండింటికి గనక వస్తే అది ఆవిడను పక్క తిప్పే టైము. ఐదు నిమిషాలు వరండాలో కూర్చోండి, దిండ్లు సర్ది వచ్చి తలుపు తీస్తాను.

ఇట్లు,
పక్షవాతంతో ఉన్న అత్తగారిని చూసుకుంటున్న కోడలు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ